కోస్తాలో గాలి మళ్లే కాలం.. అక్టోబర్ వెదర్ బులెటిన్‌ను ఎలా చదవాలి? ఏ మాటకు అర్థం ఏంటి?

పొద్దున చురుక్కుమనే ఎండ. మధ్యాహ్నం ఉక్కపోత. సాయంత్రం నాలుగయ్యేసరికి పడమటి వైపు నల్లటి మబ్బు. అరగంటలో ఈదురుగాలి, ఉరుములు, కుండపోత. రాత్రికి మళ్లీ ఆకాశం క్లియర్. సెప్టెంబర్ చివరి నుంచి అక్టోబర్ మూడో వారం వరకు శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా కోస్తాలో చాలా రోజులు ఇలాగే గడుస్తాయి.

ఈ రోజుల్లో వెదర్ వార్త పెట్టగానే కింద కామెంట్లు వస్తాయి. "నిన్న వర్షం అన్నారు, మా ఊళ్లో చుక్క పడలేదు" అని కొందరు. "ఏ హెచ్చరికా లేదు, మా వీధి మునిగింది" అని ఇంకొందరు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు. బులెటిన్ కూడా చాలాసార్లు కరెక్టుగానే ఉంటుంది. తేడా ఎక్కడంటే, అందులో వాడే మాటలకు కచ్చితమైన లెక్కలున్నాయి. ఆ లెక్కలు మన దాకా రావడం లేదు. స్క్రోలింగ్‌లో "భారీ వర్షాలు" అని రెండు ముక్కలు వెళ్లిపోతాయి, మిగతాది ఉండిపోతుంది.

మామూలు రోజుల్లో దీనివల్ల పెద్ద నష్టం లేదు. కానీ అక్టోబర్ అలాంటి నెల కాదు. చేలో వరి పొట్ట మీద, ఈనిక మీద ఉంటుంది. బోట్లు వేటలో ఉంటాయి. దసరా సెలవులకు జనం బీచ్‌లలో ఉంటారు. బంగాళాఖాతం తుపాన్లకు రెడీ అయ్యేది కూడా ఈ నెలలోనే. అందుకే బులెటిన్‌లో ఏ మాటకు అర్థం ఏంటో ఒకసారి చూద్దాం.

అసలు గాలి ఎందుకు మారుతుంది?

జూన్ నుంచి సెప్టెంబర్ వరకు మనకు వీచేది నైరుతి గాలి. అంటే నైరుతి దిక్కు నుంచి వచ్చే గాలి. గాలికి ఎప్పుడూ అది వచ్చే దిక్కు పేరే పెడతారు, వెళ్లే దిక్కు పేరు కాదు. ఇది గుర్తుంటే బులెటిన్ సగం అర్థమైనట్టే.

నైరుతి రుతుపవనాలు దేశంలో ముందుగా పశ్చిమ రాజస్థాన్ నుంచి వెనక్కి మళ్లుతాయి. వాతావరణ శాఖ లెక్క ప్రకారం దానికి సాధారణ తేదీ సెప్టెంబర్ 17. దేశం మొత్తం నుంచి తప్పుకునేది అక్టోబర్ 15 ప్రాంతంలో. ఆ తర్వాత అక్టోబర్ 20 అటూ ఇటుగా ఈశాన్య రుతుపవనాలు మొదలవుతాయి. తమిళనాడు, కేరళతో పాటు మన కోస్తా, రాయలసీమకు కూడా అవి వర్షాన్నిస్తాయి. నెల్లూరు లాంటి దక్షిణ కోస్తా జిల్లాలకు అయితే ఏడాది వర్షంలో పెద్ద వాటా అక్టోబర్, డిసెంబర్ మధ్యే పడుతుంది.

ఈ రెండింటి మధ్య మూడు నాలుగు వారాల గ్యాప్ ఉంది చూశారా? అదే గాలి మళ్లే కాలం. పాత గాలి బలం తగ్గుతుంది, కొత్త గాలి ఇంకా నిలదొక్కుకోదు. పెద్ద గాలి నెమ్మదించడంతో లోకల్ గాలులది రాజ్యం. పగలు నేల త్వరగా వేడెక్కుతుంది, సముద్రం అంత త్వరగా వేడెక్కదు. నేల మీద వేడి గాలి పైకి లేస్తుంటే, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లటి గాలి వస్తుంది. విశాఖ ఆర్కే బీచ్‌లోనో, కాకినాడలోనో సాయంత్రం మొహానికి తగిలే గాలి అదే. రాత్రికి ఇది రివర్స్ అవుతుంది, నేల మీది గాలి సముద్రం వైపు వెళుతుంది.

ఆ సముద్రపు గాలితో పాటు బోలెడంత తేమ కూడా లోపలికి వస్తుంది. లోపల వేడెక్కిన గాలిని కలిసిన చోట అది నిట్టనిలువుగా పైకి లేస్తుంది. తూర్పు కనుమల లాంటి కొండలు తగిలితే ఇంకాస్త ఎత్తుకు వెళుతుంది. అలా తయారయ్యేవే క్యుములోనింబస్ మేఘాలు. కొన్ని కిలోమీటర్ల వెడల్పే ఉన్నా చాలా ఎత్తు పెరుగుతాయి. ఒక ఊరిని తడిపి పక్క ఊరిని వదిలేసేది, పిడుగులు వేసేది ఇవే.

'ఒకటి రెండు చోట్ల' అంటే సగం కథ

బులెటిన్‌లో అందరూ చూసేది 'భారీ', 'అతి భారీ' అనే మాటలు. వాటి లెక్క 24 గంటల్లో పడిన వర్షాన్ని బట్టి ఉంటుంది. పొద్దున 8.30 నుంచి మర్నాడు పొద్దున 8.30 వరకు ఒక రోజు కింద లెక్కేస్తారు.

తేలికపాటి వర్షం: 2.5 నుంచి 15.5 మిల్లీమీటర్లు

మోస్తరు వర్షం: 15.6 నుంచి 64.4 మి.మీ.

భారీ వర్షం: 64.5 నుంచి 115.5 మి.మీ.

అతి భారీ వర్షం: 115.6 నుంచి 204.4 మి.మీ.

అత్యంత భారీ వర్షం: 204.5 మి.మీ., ఆ పైన

అంటే 6 సెంటీమీటర్ల వాన పడినా లెక్క ప్రకారం అది 'మోస్తరు' వర్షమే! అదే 6 సెంటీమీటర్లు రోజంతా మెల్లగా పడితే నేల ఇంకించుకుంటుంది. ఒక్క గంటలో పడితే విజయవాడలోనో, విశాఖలోనో లోతట్టు రోడ్డు మీద బైక్ సైలెన్సర్ దాకా నీళ్లు వస్తాయి. "మోస్తరు అన్నారు, మునిగిపోయాం" అనే ఫిర్యాదు వెనక ఉన్న విషయం ఇదే.

ఇక రెండో సగం. 'ఎన్ని చోట్ల' అనే మాట. దీనికీ లెక్కుంది. ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో ఎన్నింటిలో వాన పడుతుంది అన్నదాన్ని బట్టి ఈ మాట వాడతారు.

ఒకటి రెండు చోట్ల: నాలుగో వంతు కేంద్రాలు, లేదా అంతకంటే తక్కువ

కొన్ని చోట్ల: నాలుగో వంతు నుంచి సగం దాకా

అనేక చోట్ల: సగం నుంచి మూడొంతులు (75 శాతం) దాకా

దాదాపు అన్ని చోట్ల: 75 శాతం పైన

ఇప్పుడు "ఉత్తర కోస్తాలో ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలు" అనే వాక్యాన్ని మళ్లీ చదవండి. ప్రతి నాలుగు చోట్లలో కనీసం మూడు చోట్ల భారీ వర్షం పడదని అందులోనే ఉంది. కాబట్టి మీ ఊళ్లో పడకపోతే బులెటిన్ తప్పినట్టు కాదు. అలాగని మీ ఊరు ఆ 'ఒకటి రెండు' లిస్టులో ఉండదన్న గ్యారంటీ కూడా లేదు. ఉరుముల వాన ఏ మండలంలో దిగుతుందో ఒక రోజు ముందే చెప్పడం కష్టం. రెండు మూడు గంటల ముందైతే విశాఖ, మచిలీపట్నంలలో ఉన్న డాప్లర్ రాడార్లు చూసి చెప్పొచ్చు. అందుకే ఈ సీజన్‌లో పొద్దున చదివిన బులెటిన్ సాయంత్రానికి పాతబడిపోతుంది. మధ్యాహ్నం తర్వాత వచ్చే తక్షణ హెచ్చరికను ఒకసారి చూసుకోవాలి.

ఎల్లో, ఆరెంజ్, రెడ్.. రంగు చెప్పేది ఏంటి?

చాలామంది రంగును వాన కొలత అనుకుంటారు. నిజానికి రంగు చెప్పేది 'మీరు ఏం చేయాలి' అనే విషయాన్ని.

గ్రీన్ అంటే ప్రత్యేకంగా చేయాల్సింది ఏమీ లేదు. ఎల్లో అంటే కన్నేసి ఉంచండి, అప్‌డేట్స్ చూస్తూ ఉండండి. ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండి. కరెంటు పోవచ్చు, రోడ్లు మూసుకుపోవచ్చు, ప్రయాణం ప్లాన్ మార్చుకోవాల్సి రావొచ్చు. రెడ్ అంటే చూస్తూ కూర్చునే టైమ్ అయిపోయింది, అధికారులు చెప్పినట్టు వెంటనే కదలాలి.

ఒకే జిల్లాకు పొద్దున ఎల్లో ఉండి సాయంత్రానికి ఆరెంజ్ కావొచ్చు. దాన్ని "మాట మార్చారు" అనుకోకూడదు. కొత్త సమాచారం వచ్చింది, అందుకే రంగు మారింది.

గాలి 40, గాలి 80.. తేడా రెట్టింపు కాదు

"గంటకు 40-50 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు" అనే లైన్ ఈ నెలలో రోజూ కనిపిస్తుంది. బండి మీద 40లో వెళుతుంటాం కదా, అదేం పెద్ద స్పీడ్ అనిపిస్తుంది. కానీ ఆ వేగంతో గాలి వీస్తే చెట్ల పెద్ద కొమ్మలు ఊగుతాయి, గొడుగు పట్టుకోవడం కష్టం. 50 దాటితే చెట్టు మొత్తం ఊగుతుంది, ఎదురు నడవడం కష్టమవుతుంది. 60 దాటితే కొమ్మలు విరగడం మొదలవుతుంది.

ఇంకో ముఖ్యమైన విషయం. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. 40 కిలోమీటర్ల గాలికి ఆగిన రేకుల షెడ్డు 80కి ఆగకపోవడానికి కారణం అదే. ఫ్లెక్సీలు, హోర్డింగులు, సగం ఎండిన చెట్లు.. వీటి కింద బండి ఆపి వాన తగ్గేదాకా నిలబడటం ఈ నెలలో చాలా డేంజర్.

"45-55, ఒక్కోసారి 65 కిలోమీటర్లు" అని ఉంటే ఏంటి? మొదటి రెండు అంకెలు నిలకడగా వీచే గాలివి. మూడోది విసురుగా వచ్చే గాలిది. అది కొన్ని సెకన్లే ఉంటుంది. పడవను తిరగేసేది, కరెంటు తీగలు తెంపేది ఎక్కువగా ఆ మూడో అంకే. చదివేటప్పుడు దాన్ని వదిలేయకండి.

అక్టోబర్‌కూ తుపాన్లకూ లింకేంటి?

జులై, ఆగస్టుల్లో కూడా బంగాళాఖాతంలో అల్పపీడనాలు వరుసగా వస్తాయి. కానీ అవి తుపాన్లుగా మారేది చాలా తక్కువ. ఎందుకంటే అప్పుడు కింద పడమటి గాలి, పైన తూర్పు గాలి బలంగా వీస్తుంటాయి. పైనా కిందా గాలి చెరో వైపు లాగుతుంటే సుడి నిటారుగా నిలబడలేదు, తల ఒక దిక్కు, మొండెం ఒక దిక్కు అవుతుంది. గాలి మళ్లే కాలంలో ఆ లాగుడు తగ్గుతుంది. సముద్రం మాత్రం ఇంకా వేడిగానే ఉంటుంది. తుపానుకు కావాల్సిన రెండూ దొరికినట్టే. అందుకే బంగాళాఖాతంలో తుపాన్ల సీజన్లు రెండు. ఒకటి రుతుపవనాలకు ముందు మేలో, రెండోది అక్టోబర్-డిసెంబర్ మధ్య.

లిస్టు చూస్తే మీకే తెలుస్తుంది. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబర్ 12న. తిత్లీ శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబర్ 11న, ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. గులాబ్ కళింగపట్నం దగ్గర తీరం దాటింది 2021 సెప్టెంబర్ 26న. మొంథా నర్సాపురం సమీపంలో తీరం దాటింది 2025 అక్టోబర్ 28 రాత్రి.

బులెటిన్‌లో వినిపించే మెట్లు గాలి వేగాన్ని బట్టి ఉంటాయి. గంటకు 31 కిలోమీటర్ల లోపు అల్పపీడనం. 31 నుంచి 50 వాయుగుండం. 51 నుంచి 61 తీవ్ర వాయుగుండం. 62 నుంచి 88 తుపాను. పేరు పెట్టేది ఇక్కడే. 89 నుంచి 117 తీవ్ర తుపాను. 118 నుంచి 166 అతి తీవ్ర తుపాను. ఆ పైన ఇంకా రెండు మెట్లున్నాయి.

'ఉపరితల ఆవర్తనం' అనే మాట కూడా తరచూ వింటాం. నేల మీద కాకుండా కొంత ఎత్తులో గాలి సుడి తిరుగుతోందని దానర్థం. "5.8 కిలోమీటర్ల ఎత్తు వరకు విస్తరించింది" అంటే ఆ సుడి అంత ఎత్తు దాకా ఉందని. ప్రతి ఆవర్తనం అల్పపీడనం కాదు, ప్రతి అల్పపీడనం తుపాను కాదు. "ఆవర్తనం ఏర్పడింది" అన్న వార్తకే తుపాను వచ్చేసినట్టు భయపడక్కర్లేదు.

పేరు లేదని తేలిగ్గా తీసుకోవచ్చా?

తీసుకోకూడదు. దీనికి 2020 అక్టోబర్ 13 ఒక్కటి గుర్తు చేసుకుంటే చాలు. ఆ రోజు పొద్దున కాకినాడ దగ్గర తీరం దాటింది తుపాను కాదు, తీవ్ర వాయుగుండమే. దానికి పేరు కూడా లేదు. కానీ అది నేల మీదుగా పడమరకు కదిలి, అదే రాత్రి హైదరాబాద్‌ను ముంచేసింది. బేగంపేటలో 24 గంటల్లో దాదాపు 19 సెంటీమీటర్ల వర్షం పడింది. కాలనీలు మునిగాయి, ప్రాణాలు పోయాయి. తీరంలో గాలి చేసిన నష్టం కంటే ఎక్కడో లోపల వాన చేసిన నష్టం పెద్దది.

మెట్లన్నీ గాలి వేగం లెక్కలు. వాన ఎంత అన్నది వేరే లెక్క. నెమ్మదిగా కదిలే చిన్న వాయుగుండం, వేగంగా దాటిపోయే తుపాను కంటే ఎక్కువ వాన కురిపించగలదు. కాబట్టి కోస్తాలో ఉన్నవాళ్లతో పాటు తెలంగాణలో ఉన్నవాళ్లు కూడా "తీరం దాటాక ఎటు కదులుతుంది" అనే లైన్ చూడాలి.

తీరం దాటే చోటికి ఏ వైపు ఉన్నారు?

మన దగ్గర తుపాను సుడి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. తూర్పు నుంచి పడమరకు వస్తున్న తుపాను కాకినాడ దగ్గర తీరం దాటుతోందనుకుందాం. దానికి ఉత్తరం వైపున్న తీరంలో గాలి సముద్రం నుంచి నేల మీదకు తోస్తుంది. నీళ్లను కూడా తోసుకొస్తుంది. దక్షిణం వైపు గాలి నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది. అందుకే ఉప్పెన ముప్పు ఎక్కువగా తీరం దాటే చోటు దగ్గర, దానికి కాస్త ఉత్తరాన ఉంటుంది. 1977 నవంబర్ 19న దివిసీమలో వేల ప్రాణాలు తీసింది గాలి కంటే ఆ ఉప్పెన నీళ్లే.

తుపాను తీరం దాటకపోయినా అలల ప్రభావం ఉంటుంది. కాకినాడ-ఉప్పాడ బీచ్ రోడ్డు దీనికి లైవ్ ఉదాహరణ. ఎక్కడో దూరంగా వాయుగుండం ఉన్నా అక్కడ అలలు రోడ్డెక్కుతాయి, రాళ్ల కట్టను కోసేస్తాయి.

ఇంకో హెచ్చరిక. తుపాను కన్ను మన మీదుగా వెళితే మధ్యలో గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. అయిపోయిందనుకుని జనం బయటకొస్తారు. కాసేపటికే ఎదురు దిక్కు నుంచి మళ్లీ అంతే వేగంతో గాలి మొదలవుతుంది. హుద్‌హుద్ రోజు విశాఖ చూసింది ఇదే. అధికారులు చెప్పేదాకా బయటకు రావొద్దనేది అందుకే.

పోర్టులో 1వ నంబర్, 3వ నంబర్ ఏంటి?

వార్తల్లో "ఓడరేవుల్లో ఒకటో నంబర్ హెచ్చరిక" అని వింటాం. 1, 2 నంబర్లు దూరంగా సముద్రంలో ఉన్న ముప్పును చెబుతాయి. 3, 4 నంబర్లు ఆ పోర్టు పరిసరాలకే ముప్పు ఉందని చెబుతాయి. 5 నుంచి 7 ప్రమాద హెచ్చరికలు, 8 నుంచి 10 అతి ప్రమాద హెచ్చరికలు. ఆఖరిది 11, వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం. నంబర్ పెరుగుతోందంటే ముప్పు దగ్గరవుతోందని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఎవరు ఏం చూడాలి?

వేటకు వెళ్లేవాళ్లు: "వేటకు వెళ్లరాదు" అనే లైన్ ఎంత ముఖ్యమో, "సముద్రంలో ఉన్నవాళ్లు వెనక్కి రావాలి" అనేది అంతకంటే ముఖ్యం. మర పడవలు రోజుల తరబడి సముద్రంలో ఉంటాయి. కొంత దూరం పోయాక సెల్ సిగ్నల్ ఉండదు. కాబట్టి బయల్దేరే రోజు బులెటిన్ ఒక్కటే చూస్తే సరిపోదు, రాబోయే నాలుగైదు రోజుల అంచనా చూడాలి. హుద్‌హుద్ అండమాన్ దగ్గర వాయుగుండంగా మొదలై విశాఖ చేరడానికి ఐదు రోజులు పట్టింది. గులాబ్ వాయుగుండంగా మారాక రెండు రోజుల్లోనే తీరానికొచ్చేసింది. రెండోసారి వెనక్కి రావడానికి దొరికిన టైమ్ ఎంత తక్కువో చూడండి. అలల ఎత్తు, సముద్రం పరిస్థితి మీద హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ రోజూ అంచనాలు ఇస్తుంది.

రైతులు: కోస్తా వరికి ఇప్పుడు వాన కంటే గాలి పెద్ద శత్రువు. పూత మీద గట్టి వాన పడితే గింజ సరిగా పట్టదు. కంకి బరువెక్కాక గాలి వీస్తే చేను పడిపోతుంది. ఆరెంజ్ అలర్ట్ రాగానే చేలో నీళ్లు బయటకు పోయేలా గట్లకు గండి కొట్టుకోవడం, బోదెలు క్లియర్ చేసుకోవడం ముందు చేయాల్సిన పని. ఎరువు, పురుగుమందు ఆ రెండు రోజులు ఆపేయడం మంచిది, వానకు కొట్టుకుపోతాయి. గింజ గట్టిపడ్డాక చేను పడి నీళ్లలో ఉంటే కంకి మీదే మొలక వస్తుంది. దీనికి లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కంకులు తడిసేలా కొట్టమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు.

పొలంలో, రోడ్డు మీద ఉన్నవాళ్లు: మెరుపు కనిపించాక ఉరుము వినపడే దాకా సెకన్లు లెక్కపెట్టండి. దాన్ని మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో పడిందో వస్తుంది. ఉరుము వినపడిందంటేనే మీరు దాని పరిధిలో ఉన్నట్టు. చెట్టు కిందకు పరిగెత్తొద్దు. పక్కా బిల్డింగ్‌లోకి కానీ, అద్దాలు ఎత్తేసిన కారులోకి కానీ వెళ్లండి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగి బయటకు రండి. 'దామిని' యాప్ మీ చుట్టూ ఎక్కడ పిడుగులు పడుతున్నాయో చూపిస్తుంది.

బీచ్‌కు వెళ్లేవాళ్లు: ఆకాశం నీలంగా ఉంది కదా అని సముద్రం ప్రశాంతంగా ఉన్నట్టు కాదు. వందల కిలోమీటర్ల అవతల వీచిన గాలి వల్ల కూడా ఇక్కడ పెద్ద అలలు రావొచ్చు. అలలు విరుగుతున్న వరుసలో మధ్యలో ఒకచోట మాత్రం నీళ్లు నెమ్మదిగా కనిపిస్తే జాగ్రత్త. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ వెనక్కి వెళ్లే దారి అదే కావొచ్చు. స్నానానికి బాగుందని దిగేది అక్కడే, లాక్కుపోయేదీ అక్కడే. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకండి, అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రండి.

వాట్సాప్‌లో వచ్చే మ్యాప్ నమ్మొచ్చా?

అక్టోబర్ వచ్చిందంటే రంగురంగుల సుడులతో మ్యాపులు ఫార్వర్డ్ అవుతుంటాయి. పది రోజుల తర్వాత ఫలానా ఊళ్లో తీరం దాటుతుందని బాణం గుర్తు కూడా ఉంటుంది. అవి చాలావరకు ఏదో ఒక కంప్యూటర్ మోడల్ ఒక పూట వేసిన అంచనాలు. మరో పూటకి అదే మోడల్ వేరే ఊరు చూపించొచ్చు. మ్యాప్ వస్తే మూడు విషయాలు చూడండి. తేదీ ఉందా? ఎవరిచ్చారో ఉందా? అదే మాట విశాఖలోని తుపాను హెచ్చరికల కేంద్రమో, అమరావతి వాతావరణ కేంద్రమో, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థో చెప్పిందా? మూడూ లేకపోతే ఫార్వర్డ్ చేయకండి. అనవసరంగా పది మందిని భయపెడితే, నిజంగా రెడ్ అలర్ట్ వచ్చిన రోజు ఆ పది మంది ఫోన్ పక్కన పడేస్తారు.

అధికారిక హెచ్చరిక కూడా దశల వారీగా వస్తుంది. ముందస్తు నిఘా, ఆ తర్వాత దాదాపు 48 గంటల ముందు అలర్ట్, 24 గంటల ముందు హెచ్చరిక, ఆఖర్లో తీరం దాటాక పరిస్థితిపై అంచనా. ఏ దశలో ఉన్నామో తెలిస్తే కంగారు తగ్గుతుంది, పని జరుగుతుంది.

బులెటిన్ చూడగానే ఈ ఐదు వెతకండి

ఎప్పుడు ఇచ్చారు? ఏ జిల్లాలకు? ఎంత వాన, ఎన్ని చోట్ల? గాలిలో ఆ మూడో అంకె ఎంత? రంగు ఏంటి? ఒక్క నిమిషం పట్టదు.

వేటకు వెళ్లిన అన్నకో, పొలంలో ఉన్న నాన్నకో, సెలవులకు బీచ్‌కెళ్లిన పిల్లలకో ఆ ఐదు ముక్కలు ఫోన్ చేసి చెప్పండి. అత్యవసరమైతే విపత్తుల నిర్వహణ సంస్థ కంట్రోల్ రూమ్ నంబర్ 1070, లేదా 112.